ఉత్తరాల పెట్టె నిండింది, ఫోనూ నిండింది

ప్రశ్న: నా వయసు 66 ఏళ్లు. జూనియర్ కళాశాలలో చరిత్ర అధ్యాపకుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. 1974లో ఇంటర్మీడియట్ చదవడానికి హాస్టల్‌లో చేరినప్పుడు మా నాన్నగారు రాసిన మొదటి కార్డు మొదలుకొని, నాకు వచ్చిన ప్రతి ఉత్తరమూ నా దగ్గర ఉంది. స్నేహితుల ఇన్‌ల్యాండ్ లెటర్లు, కాపురానికి రాకముందు నా భార్య రాసినవి, ఉద్యోగం వచ్చిందని అన్నయ్య ఇచ్చిన టెలిగ్రామ్, అన్నీ కలిపి రెండు ట్రంకు పెట్టెలయ్యాయి. 2001 నుంచి వచ్చిన ఈమెయిళ్లను ప్రింటు తీసి ఫైళ్లలో పెట్టాను. నేను రాసుకున్న కథలు, వ్యాసాలు అను ఫాంట్లలో టైపు చేసినవి సీడీల్లో ఉన్నాయి. ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చే శుభోదయం బొమ్మలతో సహా దేన్నీ చెరపలేక మూడు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కిస్తున్నాను. ఈమధ్య ఫోను మార్చినప్పుడు దుకాణంలో జరిగిన పొరపాటు వల్ల నాలుగు నెలల మెసేజీలు పోయాయి. వాటిలో ముఖ్యమైనది ఒక్కటీ లేదని తెలిసినా రెండు రోజులు అన్నం సహించలేదు. అప్పటి నుంచి రాత్రిపూట లేచి బ్యాకప్ జరిగిందో లేదో చూసుకుంటున్నాను. ఈ పెట్టెలు కదిలేదాకా ఇంటికి సున్నం వేయించేది లేదని నా భార్య, అన్నీ స్కాన్ చేసి కాగితాలు పారేయమని డాలస్‌లో ఉన్న మా అబ్బాయి అంటున్నారు. ఇది జబ్బా? ఏది ఉంచాలి, ఏది తీసేయాలి? చనిపోయిన మిత్రుల ఉత్తరాలను ఏం చేయాలి?
— పేరు వద్దన్న పాఠకుడు, తెనాలి

జవాబు: రెండు పెట్టెల గురించీ మూడు హార్డ్ డిస్కుల గురించీ ఇంత వివరంగా రాసిన మీరు, వాటిలో ఏ ఒక్క ఉత్తరాన్నైనా చివరిసారి ఎప్పుడు తీసి చదివారో రాయలేదు. మరిచిపోయి రాయలేదో, చదవలేదు కాబట్టి రాయలేదో మీకే తెలియాలి. నా జవాబంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముందు జబ్బు సంగతి. వస్తువులను వదులుకోలేక అతిగా కూడబెట్టడాన్ని అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో వెలువరించిన మనోరోగాల వర్గీకరణ గ్రంథం డీఎస్ఎం-5లో ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11లోనూ, అంటే 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న దానిలోనూ, అది విడిగానే ఉంది. వైద్యులు చూసేది ఎన్ని వస్తువులు ఉన్నాయని కాదు. వాటి విలువతో నిమిత్తం లేకుండా ప్రతిదాన్నీ వదలడానికి మనిషి ఎంత యాతన పడుతున్నాడు, ఇంట్లో మనుషులు మసలే చోటు మిగిలిందా, నిద్రా పనీ సంసారమూ దెబ్బతింటున్నాయా అన్నది చూస్తారు. కంప్యూటర్లో కూడబెట్టడం గురించి 2015లో నెదర్లాండ్స్ వైద్యులు ఒక వైద్య పత్రికలో వివరించిన రోగి రోజుకు సుమారు వెయ్యి ఫోటోలు తీసేవాడు, వాటిని సర్దడానికి గంటల తరబడి కూర్చునేవాడు, ఎప్పటికైనా పనికొస్తాయని గట్టిగా నమ్మేవాడు, కానీ దాచిన వాటిని మళ్లీ చూసేవాడు కాదట. ఒక ఉత్తరం చదివి మీకు జబ్బు పేరు పెట్టడం నా పని కాదు. అయితే రెండు రోజులు అన్నం మానడం, రాత్రుళ్లు లేచి చూసుకోవడం ఇలాగే సాగితే మనోవైద్యుణ్ని కలవడానికి సంకోచించకండి. టెలి మానస్ ఉచిత సేవ 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడవచ్చు.

ట్రంకు పెట్టెల విషయంలో మాత్రం నేను పూర్తిగా మీ పక్షమే. ముప్పై ఏళ్లు గ్రంథాలయాల్లో పాత కాగితాలు సర్దినవాణ్ని, మరోలా ఎలా చెప్పగలను?

మీ తరంవారికి గుర్తుండే ఉంటుంది, మన ఇళ్లలో ఉత్తరాలు దాచడానికీ ఒక పద్ధతి ఉండేది. గోడకు వేలాడే ఇనుప తీగకు వచ్చిన కార్డును వచ్చినట్టు గుచ్చేవారు, తీగ నిండితే పెద్దవాళ్లు కూర్చుని దించి, పొలం కాగితాల సంగతులున్నవి ఒక పక్క, పెళ్లి మాటలున్నవి ఒక పక్క తీసి, మిగతావి పొయ్యిలోకి పంపేవారు. నాలుగు మూలలా పసుపు రాసిన శుభలేఖ ఇంట్లోకి వచ్చేది, చావు కబురు తెచ్చిన కార్డును చదివి గుమ్మం బయటే చించేసేవారు. ఆ నమ్మకాన్ని సమర్థించడం నా ఉద్దేశం కాదు. ఆ చించివేతలో మన కుటుంబాల మరణ తేదీలు ఎన్ని పోయాయో తలచుకుంటే నాకు ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది. కానీ తీగకు పొడుగు ఇంతే అన్న హద్దు ఉండడం వల్ల ఎవరో ఒకరు ఏడాదికోసారైనా ఆ ఉత్తరాలన్నీ చదివేవారు. హార్డ్ డిస్కుకు ఆ హద్దు లేదు, నిండితే ఇంకొకటి కొంటాము.

దాచినవాడు చదివితే ఏమవుతుందో చెప్పడానికి మన భాషలోనే మంచి ఉదాహరణ ఉంది. చరిత్ర చెప్పినవారు కాబట్టి మీకు తెలిసినదే. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, పదిహేను నెలలకు పైగా సాగిన ప్రయాణంలో మజిలీ మజిలీకీ చూసినవి రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైకి పంపుతూ వచ్చారు. వీరాస్వామయ్య 1836లో గతించారు. పిళ్లై ఆ రాతలను వరుసలో పెట్టి 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చు వేయించారు. ఆనాటి దారులూ సత్రాలూ ధరలూ మనకు తెలుస్తున్నాయంటే, పిళ్లై వాటిని పెట్టెలో పెట్టి తాళం వేయకపోవడం వల్లనే.

ఇక కంప్యూటరు రాతల సంగతి. అవి కాగితం కన్నా శాశ్వతమని మీరు అనుకుంటున్నట్టు తోస్తోంది. నా అనుభవంలో అవి కాగితానికంటే తాటాకుకు దగ్గర. తాటాకు గ్రంథాన్ని ఎవరో ఒకరు మళ్లీ కొత్త ఆకుల మీదికి ఎక్కిస్తేనే అది బతికేది, ఎవరూ ఎక్కించనిది పురుగుల పాలయ్యేది. కడపలో సి.పి. బ్రౌన్ పండితులను జీతానికి పెట్టుకొని చేయించిన పనిలో పెద్ద భాగం ఇదే, దొరికిన ప్రతులను పోల్చి శుద్ధ ప్రతులు రాయించడం. ఎక్కించే మనిషి చదువుతూ ఎక్కిస్తాడు, పనికిరానిదాన్ని ఎక్కించడు. మీ సీడీలకూ డిస్కులకూ అదే నియమం వర్తిస్తుంది, కాకపోతే గడువు మరీ తక్కువ.

అన్నిటికన్నా ముందు మీ కథలున్న సీడీలను బయటికి తీయండి, ఈ వారమే. అను ఫాంట్లలో టైపు చేసిన ఫైలు లోపల నిజానికి తెలుగు అక్షరాలు ఉండవు. ఇంగ్లిషు అక్షరాలకూ చిహ్నాలకూ కేటాయించిన స్థానాల్లో తెలుగు రూపాలను గీసి చూపించే ఏర్పాటది. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే డాలరు గుర్తులూ కొక్కేలూ అక్కడక్కడా ఒక ఇంగ్లిషు అక్షరమూ కలగలిసిన గజిబిజి కనిపిస్తుంది. నేను 2003లో రాసుకున్న వ్యాసం ఒకటి ఇలాగే తెరుచుకుంది, నా పేరు ఎక్కడుందో నేనే పోల్చుకోలేకపోయాను. సీడీ చదవగలిగిన స్థితిలో ఉంటే వాటిని యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటరులోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతిలోకి, మార్చే సాధనాలు ఉన్నాయి. అయితే వత్తులూ అరసున్నలూ తప్పుగా మారుతుంటాయి కాబట్టి మార్చిన ప్రతి పేజీనీ మీరే కూర్చుని దిద్దాలి. మీ కథను మీరు మళ్లీ చదువుతారు, అది మంచిదే. దిద్దడానికి ఓపిక రానిది ఉంచవలసినది కాదేమో కూడా అక్కడే తేలుతుంది.

వాట్సాప్ విషయంలో మీరు చేస్తున్నది దాచడం కాదు, ఎంచుకోవడాన్ని వాయిదా వేయడం. శుభోదయం బొమ్మలు ఎవరూ మీకు రాసినవి కావు, ఎవరో తయారుచేయగా చేతులు మారుతూ వచ్చినవి, వాటిని నిశ్చింతగా చెరపండి. మీకోసమని ఒక మనిషి టైపు చేసిన మాటలున్న సంభాషణలు ఓ పది పన్నెండు ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా ‘ఎక్స్‌పోర్ట్ చాట్’ ద్వారా తీస్తే మామూలు టెక్స్ట్ ఫైలుగా వస్తాయి. ఫోను మారినా, కంపెనీ మారినా చదవగలిగేది ఆ సాదా ఫైలే. మీది జీమెయిలైతే, దానికి గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ చోటులోనే ఫోటోలు, ఆండ్రాయిడ్ ఫోనైతే వాట్సాప్ బ్యాకప్ కూడా ఇమడాలి. రెండేళ్లు వాడని ఖాతాలను గూగుల్ 2023 డిసెంబరు నుంచి తొలగిస్తోంది. మీ తర్వాత ఖాతాలోని సమాచారం ఎవరికి అందాలో ముందే నమోదు చేసే ‘ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్’ ఏర్పాటు అందులోనే ఉంది. అబ్బాయి పేరు పెట్టండి. గూగుల్ వారి స్నేహాల వెబ్‌సైటు ఆర్కుట్ 2014 సెప్టెంబరులో మూతపడినప్పుడు, ముందే జాగ్రత్తపడని స్నేహితులు పడిన బాధ చూసి చెబుతున్నాను.

మీ అబ్బాయి సలహాలో సగం తీసుకోండి. స్కాన్ చేయండి, కాగితం పారేయకండి. ఇన్‌ల్యాండ్ లెటరులో విషయం మూడో మడతకు వచ్చేసరికి చోటు చాలక, అంటించే అంచు మీదికి అడ్డంగా తిప్పి రాసిన వాక్యం ఉంటుంది చూశారా, విప్పేటప్పుడు తొందరపడితే సగం జిగురుతోపాటు చిరిగిపోయేది? చాలా ఉత్తరాల్లో అసలు విషయం అక్కడే ఉంటుంది. “డబ్బు పంపడం ఈ నెల కుదరలేదు”, “అమ్మకు ఒంట్లో బాగోలేదు, నీకు చెప్పవద్దంది”. స్కానులో ఆ అంచు తరచూ కోతపడుతుంది. గుండుసూదులూ స్టేపుల్ పిన్నులూ తుప్పు పట్టకముందే తీయండి. సెల్లోటేపు, లామినేషన్ జోలికి వెళ్లవద్దు. మడతలు విప్పి, ఏడాది వారీగా మందపాటి కాగితపు కవర్లలో పెట్టి, పెట్టెను నేల మీద కాకుండా ఎత్తున, గోడకు ఎడంగా ఉంచండి. కృష్ణా తీరంలో తేమ మీకు తెలియనిదా? మూలల్లో ఎండు వేపాకు, వస కొమ్ము వేయడం పాతకాలపు పనే అయినా చెడ్డది కాదు.

అయితే ఇంతకన్నా ముఖ్యమైన పని ఒకటుంది, దాన్ని మీరు తప్ప మరెవరూ చేయలేరు. “చిన్నబాబు వచ్చి వెళ్లాడు, ఆ సంగతి తేలలేదు” అని మీ నాన్నగారు రాసి ఉంటే, చిన్నబాబు ఎవరో, ఏ సంగతో మీ మనవడికి ఎవరు చెప్పాలి? ఉత్తరం మీద రాయకుండా, విడి చీటీ మీద మనుషుల పేర్లు, వరస, ఊరు, విషయం పెన్సిలుతో రాసి జతచేయండి. వారానికి పది ఉత్తరాలు చాలు. మీ భార్య రాసినవి మాత్రం ఆమెను పక్కన కూర్చోబెట్టుకొని, ఆమె అనుమతితోనే తీయండి. వాటిలో ఏవి ఉండాలో ఏవి పోవాలో నిర్ణయించే హక్కు మీకు ఎంత ఉందో ఆమెకూ అంత ఉంది. సున్నం సంగతి అప్పుడు మాట్లాడుకోవచ్చు.

చనిపోయిన మిత్రుల ఉత్తరాల గురించి. కాగితానికి సొంతదారు మీరే, కానీ 1957 కాపీరైట్ చట్టం ప్రకారం అందులోని రాత మీద హక్కు రాసినవారిది, వారి తర్వాత వారసులది. అందువల్ల వారిని అడగకుండా అచ్చు వేయించకూడదు. చట్టం కన్నా సున్నితమైనది ఇంకొకటి ఉంది. ఇరవై రెండేళ్ల వయసులో స్నేహితుడు మీకొక్కరికే చెప్పుకున్న అప్పో, ప్రేమో, తండ్రి మీది కోపమో ఉన్న ఉత్తరాన్ని ఆయన పిల్లల చేతికిచ్చే ముందు రెండుసార్లు ఆలోచించండి. అలాంటివాటిని చదివి, ఇక ఎవరికీ చూపకూడదని మీకనిపిస్తే మీ చేతులతో కాల్చేయడమూ స్నేహధర్మమే. కాగితాలు కాపాడటం వృత్తిగా బతికినవాణ్ని కాబట్టి ఈ మాట రాయడానికి నా చెయ్యి కొంచెం వెనకాడింది, అయినా రాస్తున్నాను. మిగిలినవి, పిల్లలు చదివి సంతోషించేవి, జిరాక్స్ మీరుంచుకొని అసలు ప్రతి వారికి పంపండి.

ప్రశ్న: మా అమ్మ పోయి ఎనిమిది నెలలైంది. ఆమె పంపిన వాయిస్ మెసేజీలు నూట నలభై దాకా ఉన్నాయి. వినలేను, తీసేయలేను. ఆమె నంబరు పోతే అవీ పోతాయేమోనని నెలనెలా రీఛార్జ్ చేస్తున్నాను. వాటిలో ఒకటి ఆవకాయ కొలతలు చెప్పినది. ఏం చేయమంటారు?
— ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: అమ్మా, ఆమె నంబరు ఆగిపోయినంత మాత్రాన మీ ఫోనుకు వచ్చిన మెసేజీలు పోవు. అవి మీ ఫోనులో ఉన్నవి. రీఛార్జ్ ఆపితే కొంతకాలానికి ఆ నంబరు మరొకరికి కేటాయిస్తారు కాబట్టి, బ్యాంకుకూ ఆధార్‌కూ ఆ నంబరు జతచేసి ఉంటే ఆ పనులు ముందు ముగించండి. మెసేజీలను మీరు విననవసరం లేదు. మీ తమ్ముడో, నమ్మకమైన స్నేహితురాలో ఆ సంభాషణను మీడియాతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి, రెండు చోట్ల భద్రపరిచి, ఫైళ్లకు తేదీలు పెట్టి ఇస్తే చాలు. ఏడాదికో, అయిదేళ్లకో మీకు వినాలనిపించినప్పుడు వినవచ్చు. ఆవకాయ మెసేజీ ఒక్కటి మాత్రం ఆ స్నేహితురాలినే వినమని, ఆవపిండి ఎంతో, కారం ఎంతో, ఉప్పు ఎంతో మీ అమ్మగారు చెప్పిన మాటల్లోనే, ‘మన ఇత్తడి గిద్దెతో’ అని ఉంటే ఆ గిద్దె సంగతితో సహా, కాగితం మీద రాయించండి. మామిడికాయలు వచ్చేలోగా ఆ గిద్దె ఇంట్లో ఎక్కడుందో కూడా వెతికి పెట్టుకోండి.