అంచున ఉన్న పాదం

అమ్మాయీ,

మీ తాతయ్య, నాయనమ్మల పాత ఫొటో మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి 'కాలం గడ్డకట్టిన క్షణం' దగ్గర పక్కన పెట్టేశాను. గడ్డకట్టడానికి కాలమేమన్నా మార్గశిరంలో నెయ్యా? ఫొటోల గురించి రాసే ప్రతివాళ్ళూ ఈ మాట వాడేవాళ్ళే. రెండోసారి చదివింది మాత్రం నువ్వు విడిగా జతచేసిన స్కాన్ వల్ల.

వ్యాసంలో వేసిన బొమ్మలో ఇద్దరే ఉన్నారు, కుర్చీలో మీ తాతయ్య, పక్కన నిలబడి మీ నాయనమ్మ. స్కాన్‌లో ఎడమ అంచున, పరదా మడత కింద, ఒక చిన్న పాదం ఉంది. కాలికి కడియం. బొటనవేలు నేలకు నొక్కిపెట్టి, మడమ కాస్త పైకి లేచి ఉంది. తొంగి చూడబోతున్న పిల్ల పాదం అయినా అయి ఉండాలి, ఎవరో వెనక్కి లాగుతున్న పిల్ల పాదం అయినా అయి ఉండాలి. దాన్ని నువ్వు కత్తిరించేశావు. బొమ్మ శుభ్రంగా ఉండాలనుకున్నావేమో. ఆ పాదం కోసమే ఈ ఉత్తరం.

మళ్ళీ మరిచిపోతాను, 'తాతయ్య బూట్లకు లేసుల్లేవు' అన్న వాక్యం బాగుంది. ఆ లేసుల్ని పట్టుకున్న కంటికి పాదం ఎలా ఆనలేదో నాకు అర్థం కాలేదు.

అమెరికన్ ఫొటోగ్రాఫరు డొరొతియా లాంగ్ 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, బఠాణీ కోత కూలీల గుడారాల్లో తీసిన తల్లి ఫొటో నువ్వు చూసే ఉంటావు. చెయ్యి గడ్డానికి ఆనించుకుని తల్లి, ముఖాలు అటు తిప్పుకుని ఆమె భుజాల మీద వాలిన ఇద్దరు పిల్లలు, ఒళ్ళో పసిబిడ్డ. కుడివైపు కింది మూలలో గుడారపు కర్రను పట్టుకున్న బొటనవేలు ఒకటి పడింది. చూపు అటు పోతోందని తర్వాత లాంగ్ నెగటివ్ మీదే దాన్ని చెరిపించింది. పరీక్షగా చూస్తే ఆనవాలు ఇంకా కనపడుతుంది. తీసిన మనిషి కాబట్టి చెరిపించుకునే హక్కు ఆవిడకుంది. రాసేవాళ్ళకు అది లేదు. మన పని ఆ వేలి దగ్గరే మొదలవుతుంది. ఆ తల్లి పేరు లాంగ్ అడగను కూడా లేదు. ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అన్న పేరు లోకానికి తెలిసింది 1978లో. అంటే నలభై రెండేళ్ళ పాటు ఎవరికి తోచిన భావం వాళ్ళు ఆ ముఖానికి పులిమారు. నువ్వు మీ నాయనమ్మకు చేసిందీ అదే.

నీ వ్యాసంలో అందరూ మెచ్చుకునే పేరా ఒకటుంది. భార్య భర్తకు ఎడమవైపున ఉండాలన్న ఆచారాన్ని కాదని మీ నాయనమ్మ కుడివైపున నిలబడిందనీ, అది ఆవిడ తొలి తిరుగుబాటు అనీ రాశావు. స్కాన్‌ను ఇంకోసారి తెరువు. మీ తాతయ్య చొక్కా జేబు ఎటువైపుంది? కుడి రొమ్ము మీద. గుండీల పట్టీ ఎటు నుంచి ఎటు కప్పింది? కుడి నుంచి ఎడమకు. మగవాళ్ళ చొక్కాకు అది తిరగబడిన లెక్క. నాయనమ్మ పవిట కుడి భుజం మీద ఉంది. ఇవన్నీ ఒక్కసారే తలకిందులవడం తిరుగుబాటు వల్ల జరగదు, నెగటివ్ తిరగేసి ప్రింటు వేస్తే జరుగుతుంది. నెగటివ్‌కు ఒకవైపు నిగనిగలాడుతుంది, రెండోవైపు మెరుపు లేకుండా ఉంటుంది. ఆ మెరుపు లేని వైపున మందు పూత ఉంటుంది. అది కాగితం వైపు ఉండాలి. డార్క్‌రూమ్ కుర్రాడు హడావుడిలో తిప్పి పెట్టాడు. నెగటివ్‌ను కాగితానికి ఆనించి వేసే ప్రింటు అయితే ఫిలిం మందం మధ్యలో అడ్డుపడి బొమ్మ కాస్త మసకబారుతుంది కూడా. మీ నాయనమ్మ కనుబొమ్మలు మెత్తగా ఉండడానికి కారణం అదే కావచ్చు. ఆవిడ నిలబడాల్సిన చోటే, అంటే ఎడమవైపే నిలబడింది. ఆ పేరా కొట్టెయ్. ఏ ఫొటో గురించి రాసినా ముందు జేబు, గుండీలు, పవిట, చేతి గడియారం, వెనక ఏదైనా బోర్డు ఉంటే దాని మీది అక్షరాలు చూసుకో. కుడి ఎడమలు తేలాకే మిగతాది.

'పెళ్ళికి నల్లచీర కట్టిన ధైర్యం' అన్నావు. నలుపు తెలుపు ఫొటోలో నలుపు అంటే నలుపు అని ఎవరు చెప్పారు? ఆర్థో ఫిలిం అని ఒకటుండేది. దానికి ఎరుపు కనపడదు. ఎర్ర దీపం వెలుతురులో చూసుకుంటూ కడుక్కోవచ్చని స్టూడియోలకు అదంటే ఇష్టం. దాని మీద ఎర్రచీర నల్లగా పడుతుంది, కుంకుమ బొట్టు కాటుక బొట్టవుతుంది, లేతనీలం దాదాపు తెలుపైపోతుంది. అన్ని రంగులూ పట్టే పాన్‌క్రొమాటిక్ ఫిలిం అయినా ముదురు ఎరుపు, ముదురు ఆకుపచ్చ ఇంచుమించు ఒకే బూడిద రంగులో పడతాయి. పెట్టెలో ఆ చీర ముక్కైనా ఉందేమో మీ అత్తయ్యను అడుగు. లేకపోతే 'ముదురు రంగు చీర' అని రాసి ఊరుకో.

'ఒక్క మచ్చ లేని అమాయకపు ముఖం' గురించి కూడా చెప్పాలి. అది స్టూడియో పెన్సిల్ పని. దాన్ని టచింగ్ అనేవారు. నెగటివ్‌ను వెనక నుంచి వెలుతురు వచ్చేలా వాలుబల్ల మీద పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో మందు పూత వైపున చుక్కలు పెడతారు. ముఖం మీద నల్లమచ్చ నెగటివ్‌లో పారదర్శకంగా ఉంటుంది. దాన్ని పెన్సిల్ పొడితో నింపితే వెలుతురు తక్కువ దిగి, ప్రింటులో అక్కడ తెల్లబడుతుంది. పట్టుకోవడం సులువే. ముఖపు చర్మాన్ని మెడతోనూ, చేతి వెనక భాగంతోనూ పోల్చు. మెడ మీద చర్మానికి గీతలూ గరుకూ ఉండి, బుగ్గలు మాత్రం పింగాణీలా ఉంటే పెన్సిల్ తిరిగిందన్నమాట. మీ నాయనమ్మకు చిన్నప్పుడు అమ్మవారు పోసిందా? ఇంట్లో అడుగు. మచ్చలుండి, వాటిని ఎవరో డబ్బు తీసుకుని చెరిపేశారని తెలిస్తే నీ వ్యాసం అమాయకత్వం దగ్గర ఆగదు.

'ఆ రోజుల్లో నిమిషాల తరబడి కదలకూడదు కాబట్టి ఎవరూ నవ్వేవారు కాదు' అనడం ఇంకో అరువు మాట. నిమిషాల లెక్క 1840 ప్రాంతాల నాటిది. 1880ల్లో జెలటిన్ పూసిన గాజు పలకలు, అంటే డ్రై ప్లేట్లు వచ్చాక ఎండలో సెకనులో చిన్న వంతు చాలేది. నీ ఫొటో 1958లోది. దీపాల వెలుతురులో పెద్ద కెమెరాతో తీసినా మహా అయితే ఒకటి రెండు సెకన్లు. మీ నాయనమ్మ నవ్వకపోవడానికి కారణం షట్టరు కాదు. పళ్ళు కనపడకూడదని ఎవరో చెప్పి ఉండవచ్చు. కెమెరా వెనక పరాయి మగవాడున్నాడన్న బిడియం కావచ్చు. హైదరాబాదులో ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ 1892లో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో పెట్టి, అక్కడ ఫొటోలు తీసే పని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. కెమెరా వెనక ఎవరున్నారన్నది ముందున్నవాళ్ళ ముఖాన్ని మారుస్తుందని ఆయనకు తెలుసు. నీ వ్యాసంలో కెమెరా వెనక మనిషే లేడు.

ఇక 'నాయనమ్మ ఫొటో తీసుకుంది' అన్న వాక్యం. అమ్మాయీ, ఫొటో తీసేది ఫొటోగ్రాఫరు. మీ నాయనమ్మ ఫొటో దిగింది. నదిలోకి దిగినట్టు, బండి దిగినట్టు. ఇంత మంచి క్రియ చేతిలో ఉండగా వేరే భాష వాక్యాన్ని అరువు తెచ్చుకోవడం ఎందుకు? అచ్చులో 'దిగింది' అని పంపితే 'ఛాయాచిత్రం తీయించుకున్నది' అని దిద్దే సంపాదకులున్నారు. వాళ్ళ దిద్దుబాట్లకు తలూపకు. ఆ చేతులే ఫొటోను తపాలా బిళ్ళంత చేసి, కాళ్ళు కత్తిరించి వేస్తాయి. తర్వాత సంక్రాంతి సంచికకు 'జ్ఞాపకాల తడి' కావాలని కబురు పెడతాయి.

క్రియల సంగతి ఇంకాస్త ఉంది. 'నిలబడింది' అంటే ఒక పని జరిగింది. 'నిలబడి ఉంది' అంటే స్థితి. ఫొటోలో స్థితులే ఉంటాయి. 'నాయనమ్మ సిగ్గుతో తల దించుకుంది' అన్నావు. దించుకోవడం నువ్వు చూడలేదు, తల దించి ఉండడం చూశావు. కనపడేదాన్ని 'ఉంది'తో రాయి. ఇంట్లోవాళ్ళు చెప్పినదాన్ని భూతకాలంలో, ఎవరు చెప్పారో కలిపి రాయి. నీ ఊహను 'కావచ్చు'తో రాయి. ఈ మూడూ కలగాపులగం అయిన చోటే చదివేవాడికి అనుమానం పుడుతుంది. మొదటి చిత్తులో 'అనిపించింది' అన్న మాట అసలు రానివ్వకు.

నువ్వు స్కాన్ చూసి రాశావని తెలిసిపోతోంది, ఎందుకంటే వెనకవైపు ఏముందో ఒక్క ముక్క లేదు. అసలు ఫొటోను గోడ మీంచి దించు. ఫ్రేము బోర్లా పెట్టి, వెనక అట్టకు కొట్టిన చిన్న మేకులు లేపి, అట్ట తియ్యి. ఫొటో అద్దానికి అతుక్కుని ఉంటే మాత్రం లాగొద్దు. వానాకాలపు చెమ్మకు ఫొటో మీది జెలటిన్ పూత మెత్తబడి అద్దానికి పట్టేస్తుంది, లాగితే ముఖం అద్దం మీదే ఉండిపోతుంది. అప్పుడు అద్దంతోనే తీసుకోవాలి. ఫ్లాష్ వద్దు. కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట ఫొటోను బల్ల మీద పరిచి, ఫోను దానికి సమాంతరంగా పట్టుకో. మెరుపు పడితే ఫోనును వంచకు, బల్లను జరుపు. విడిగా వస్తే స్కానరు మీద 600 డీపీఐలో, అంచులతో సహా, రంగుల్లోనే స్కాన్ చెయ్యి. నలుపు తెలుపు సెట్టింగు పెడితే పసుపు మరకలన్నీ మాయమవుతాయి, అవీ మనకు కావాలి.

'కాలం పులిమిన సెపియా' అన్నావే, సెపియా కాలం పులిమేది కాదు, సల్ఫైడు నీళ్ళలో ముంచి తెప్పించే గోధుమ రంగు. నీ స్కాన్‌లో ఉన్నది ఒక మూల పసుపు మరక. అది హైపో, అంటే బొమ్మను స్థిరపరిచే మందు, సరిగ్గా వదిలేదాకా నీళ్ళలో కడగకపోవడం వల్ల వచ్చి ఉండవచ్చు. ఫొటోను వాల్చి చూస్తే నల్లటి చోట్ల నీలిరంగు అద్దపు మెరుపు కనపడవచ్చు. అది బొమ్మలోని వెండి పైకి తేలడం. రంగుల ఫొటోలకు వేరే జబ్బు. 1970ల, 80ల ప్రింట్లలో నీలి ఆకుపచ్చ రంగు ముందు పోతుంది, అందుకే ఆ పెళ్ళిళ్ళన్నీ ఇప్పుడు ఎర్రగా కనపడతాయి. దాన్ని చూసి 'జ్ఞాపకాల వెచ్చదనం' అని రాసేవాళ్ళ జాబితాలో నువ్వు చేరొద్దు.

వెనక ఏముందో మొత్తం ఎత్తి రాసుకో. స్టూడియో ముద్ర, పెన్సిల్‌తో వేసిన నెగటివ్ నంబరు, కాగితం కంపెనీ పేరు. 'ఇందు' అని ఉంటే అది ఊటీలో 1960లో పెట్టిన హిందుస్తాన్ ఫొటో ఫిలింస్ వారి కాగితం, అంటే 1958లో వేసిన ప్రింటు కానేకాదు. అసలు ఫొటో పాడైపోతుంటే దాన్ని మళ్ళీ ఫొటో తీసి వేయించిన కాపీ కావచ్చు. కాపీ అయితే నలుపులు మరీ నల్లగా, తెలుపులు వెలిసిపోయి ఉంటాయి, పాత ఫొటో అంచు నీడ ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. నెగటివ్ తిరగబడింది మొదటిసారా, ఆ రెండోసారా అన్నది కూడా అక్కడే తేలవచ్చు.

ఈమధ్య ప్రతి వ్యాసంలో 'పంక్టమ్' అనే మాట దూరుస్తున్నారు, ఫొటోలో చూసేవాడి మనసుకు గుచ్చుకునే చిన్న వివరం అని దానర్థం. నువ్వూ రెండుసార్లు దూర్చావు. ఆ మాటను చలామణీలోకి తెచ్చిన ఫ్రెంచి రచయిత రొలాఁ బార్త్ తన తల్లి అయిదేళ్ళప్పటి ఫొటో గురించి పేజీలకు పేజీలు రాసి, ఆ ఫొటోను మాత్రం పుస్తకంలో వేయలేదు. ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఆ పని, ఆ మాట కాదు. నీ వ్యాసంలోంచి బొమ్మ తీసేసి, ఫొటో చూడని మనిషికి చదివి వినిపించు. కాగితం ఇచ్చి ఎవరు ఎక్కడున్నారో గీతలుగా గీయమను. కుర్చీ, పరదా, చేతులు సరైన చోట పడకపోతే వ్యాసం ఇంకా కాలేదు.

పత్రికకు పంపవచ్చా అని అడిగావు. ఇప్పుడే వద్దు. మిగతా ప్రశ్నలు తర్వాత చూద్దాం. ముందు ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళు. ఇద్దరిని ఒకచోట కూర్చోబెట్టి అడగకు, గట్టిగా మాట్లాడేవాళ్ళ కథే రెండోవాళ్ళదీ అయిపోతుంది. విడివిడిగా చూపించు. 'ఈ ఫొటో గురించి చెప్పండి' అనకు. ఈ బూట్లు ఎవరివి, లేసులు ఏమయ్యాయి, స్టూడియోకు దేని మీద వెళ్ళారు, వెంట ఎవరెవరు వెళ్ళారు అని అడుగు. వాళ్ళన్నది వాళ్ళ మాటల్లోనే రాసుకో, వ్యాకరణం దిద్దకు.

పాదం విషయం చివర్లో అడుగు, అదీ కత్తిరించని ప్రింటు చేతిలో పెట్టి, వేలితో చూపించకుండా. కాలికున్న కడియం బట్టి ఆడపిల్లని తేల్చేయకు, మగపిల్లలకూ వేసేవారు. ఆ సైజు చూస్తే మూడు నాలుగేళ్ళ పాదం. ఇప్పుడు ఆ మనిషికి డెబ్భై దాటి ఉంటాయి. మీ చుట్టాల్లోనే ఎక్కడో ఉండవచ్చు. పండక్కి ఊరు వెళ్తానన్నావుగా, ఈసారి ఫ్రేము విప్పడానికి చిన్న పటకారు వెంట తీసుకెళ్ళు.

ఆశీస్సులతో.