చీకటి దగ్గరే ఆగిన కీర్తన

ప్రియమైన చెల్లెమ్మకు,

ప్రభువు నామంలో వందనాలు. నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. కష్టకాలంలో విశ్వాసం గురించి రాయాలని పూనుకున్నందుకు నిజంగా సంతోషించాను. భర్తను పోగొట్టుకున్న ఆ తల్లి మొదటి పేజీలో గుండెలు బాదుకుని ఏడుస్తుంది. రెండో పేజీకి వచ్చేసరికి ఆమె మనసు కుదుటపడి, దేవుణ్ణి స్తుతిస్తూ ఉంటుంది. ఆ రెంటి మధ్య ఏం జరిగింది? మేము చదవాలనుకున్నది అదే. నువ్వు దాన్ని దాటేశావు.

విశ్వాసి కన్నీళ్లను ఎక్కువసేపు చూపిస్తే చదివేవాళ్లు దేవునికి దూరమవుతారని భయపడ్డావేమో. బైబిలుకు ఆ భయం లేదమ్మా. 150 కీర్తనల్లో మొర పెట్టుకునేవి ఎన్ని ఉన్నాయో ఒకసారి చూడు. 13వ కీర్తన ‘ఎంతకాలం’ అని దేవుణ్ణి నిలదీస్తూ మొదలై, పాటతో ముగుస్తుంది. 88వ కీర్తన అలా తేరుకోదు. రాత్రింబగళ్లు మొర పెట్టిన ఆ మనిషి తన వాళ్లంతా దూరమయ్యారని చెప్పి, చీకటి దగ్గరే ఆగిపోతాడు. చివర్లో ఊరటనిచ్చే వచనం ఒకటి చేర్చి దాన్ని సరిచేయాలని ఎవరూ అనుకోలేదు. అయినా ఆ కీర్తన మొదటి మాటల్లోనే అతడు దేవుణ్ణి తన రక్షణకర్త అని పిలుస్తాడు. జవాబు రాకపోయినా ఆయన వైపే తిరిగి మాట్లాడుతున్నాడు. అంతకంటే గట్టి విశ్వాసం ఏముంటుందో నాకు తెలియదు.

బైబిలులోని విలాపవాక్యాల గ్రంథం కూడా తీరిగ్గా చదువు. క్రీ.పూ. 6వ శతాబ్దంలో బబులోను సైన్యం యెరూషలేమును కూల్చినప్పటి శోకం అది. దేవుని వాత్సల్యం ప్రతి ఉదయం కొత్తగా పుడుతుందన్న మాట ఐదు అధ్యాయాల నడుమ, మూడో అధ్యాయంలో ఉంది. మనం ఆ ఒక్క మాటనే తీసి క్యాలెండర్లపై అచ్చు వేసుకున్నాం. నాలుగో అధ్యాయంలో కవి మళ్లీ దాహంతో నాలుక ఎండిపోయిన పసిబిడ్డ దగ్గరికే వెళ్తాడు. ఆశ కలిగిందని ఆ బిడ్డను మరిచిపోలేదు.

ఇక నన్ను బాగా బాధపెట్టిన వాక్యం సంగతి. ‘దేవుడు ఆమెకు పాఠం నేర్పడానికే ఇలా చేశాడు’ అని రాశావు. దయచేసి దాన్ని తీసెయ్యి. బిడ్డల్నీ, ఆస్తినీ, ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు కథ బైబిలులో ఉంది కదా. అతని స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట్లాడకుండా అతనితో నేలమీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అది. ఆ తరువాత నోరు తెరిచి, కారణాలు చెప్పడం మొదలుపెట్టారు. చివరి అధ్యాయంలో దేవుని కోపం వాళ్లమీద రగిలింది. ఆయనతో వాదానికి దిగిన యోబు సరిగా మాట్లాడాడనీ, ఆయన పక్షాన వాదించినవాళ్లు సరిగా మాట్లాడలేదనీ తీర్పు వచ్చింది. ఇతరుల దుఃఖం గురించి రాయడానికి కూర్చున్న ప్రతిసారీ ఆ తీర్పు గుర్తుకొచ్చి నాకు చెయ్యి ఆగుతుంది.

మన సంఘాల్లో సాక్ష్యం అంటే ఎక్కువగా జబ్బు నయమైనవాళ్లు, అప్పు తీరినవాళ్లు చెప్పేదే. నయం కానివాళ్లు వెనక వరుసలో మౌనంగా కూర్చుంటారు. అపొస్తలుడైన పౌలు తన శరీరంలోని ముల్లు, అంటే తనను వేధించే ఒక బాధ, తొలగించమని ప్రభువును మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, కృప చాలునన్న జవాబు వచ్చింది. అది కూడా సాక్ష్యమే. నీ కలం ఆ వెనక వరుస దాకా వెళ్లాలని నా కోరిక.

భాష గురించి ఒక్క మాట. ‘శ్రమల కొలిమి’, ‘కన్నీటి లోయ’ వంటివి పదే పదే వాడి అరగదీశాం. వాటి బదులు ఆమె ఏం చేసిందో రాయి. ప్రార్థన మధ్యలో ఎక్కడ ఆగిపోయింది? ఏ పాట వచ్చినప్పుడు గొంతు కలపలేకపోయింది? పరామర్శకు వచ్చినవాళ్లలో ఎవరి మాట గుచ్చుకుంది? ఇవి ఊహించకు, ఆమెనే అడుగు. ముందు ఆమె అనుమతి తీసుకో. రాసింది ఆమెకు చదివి వినిపించు. వద్దన్న భాగం ఎంత బాగా కుదిరినా కొట్టెయ్యి. ఆమె ఇంకా స్తుతించే స్థితికి రాలేదని చెబితే, వ్యాసాన్ని అక్కడే ఆపి నాకు పంపు. ఆ ప్రతి కోసం ఎదురుచూస్తాను.

ప్రార్థనలతో,
మీ అన్నయ్య