ఆగస్టు 15 టార్గెట్ గురించి

హన్మకొండ

తమ్మీ,

నీ ఉత్తరం అందింది. పత్రికకు మండల కంట్రిబ్యూటర్‌గా, అంటే జీతం లేని విలేకరిగా, చేరి నాలుగు నెలలు కాలేదు, అప్పుడే ఆగస్టు 15 యాడ్ల టార్గెట్ నీ చేతిలో పెట్టారని రాశావు. "వార్తలు రాయడానికి వచ్చాను గానీ షాపుల ముందు నిలబడి అడుక్కోవడానికి వచ్చానా అన్నా" అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ముప్పై ఏళ్ల కింద నేను కూడా ఈ మాట ఎవరినైనా అడగాల్సింది. అడగలేదు.

నీకు ఇప్పుడు ఆగస్టు 15 ఒక్కటే కనబడుతోంది. దాని వెనకాలే దసరా, దీపావళి, జనవరి 26, ఉగాది, జూన్ 2, పత్రిక వార్షికోత్సవం ఉన్నాయి. మధ్యమధ్యలో లీడర్ల పుట్టినరోజులు. అడగడానికి సిగ్గేస్తోందని రాశావు. ఆ సిగ్గు నాలుగు పండుగలకు పోతుంది. నా భయమంతా అది పోయాక జరిగేదాని గురించే. నాకు జరిగింది చెప్తాను.

ఒక యాసంగిలో వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గర ఒక రైతు నన్ను పక్కకు పిలిచాడు. కేంద్రంలో కాంటా అయ్యింది, లారీ మిల్లుకు పోయింది, అక్కడ తాలు ఉంది, తేమ ఉంది అని బస్తాకు రెండు కిలోల తరుగు తీశారు. చీటీలో ముందున్న అంకె కొట్టేసి, పక్కన కలంతో కొత్త అంకె వేశారు. 40 కిలోల బస్తాకు రెండు కిలోలు. ఆయనవి 200 బస్తాలు. అంటే నాలుగు క్వింటాళ్లు, పది బస్తాల వడ్లు. చీటీ జిరాక్స్ తీయించుకుని జేబులో పెట్టుకున్నాను.

ఆ మిల్లు యజమాని జనవరి 26కు నాకు క్వార్టర్ పేజీ యాడ్ ఇచ్చాడు. ఆ యాడ్ బిల్లు డబ్బు అప్పటికి ఇంకా రాలేదు. రాకపోతే ఆ డబ్బు నా లెక్కలోంచే పట్టుకుంటారు. నన్నెవరూ ఆపలేదు తమ్మీ. ఆఫీసు నుంచి గానీ మిల్లు నుంచి గానీ ఒక్క ఫోన్ రాలేదు. బిల్లు వచ్చాక రాద్దాంలే అని నాకు నేనే చెప్పుకున్నాను. బిల్లు వచ్చేసరికి సీజన్ అయిపోయింది.

మరుసటి సీజన్‌లో అదే కేంద్రానికి పోయాను. తడిసిన వడ్ల గురించి రాశాను, గన్నీ సంచుల కొరత గురించి రాశాను, టార్పాలిన్లు లేవని రాశాను. తరుగు గురించి ఒక్క రైతునూ అడగలేదు. అడగలేదన్న సంగతి కూడా అప్పుడు నాకు తట్టలేదు. తెలిసి దాచిపెట్టినప్పుడు కనీసం లోపల ఒక ముల్లు ఉంటుంది. నాకు ఆ ముల్లు కూడా లేకుండా పోయింది. ఇంటికొచ్చి హాయిగా పడుకున్నాను.

నీ మండలంలో వార్త ఎక్కడుందో యాడ్ కూడా అక్కడే ఉంటుంది. రైస్ మిల్లు, విత్తనాల షాపు, ప్రైవేటు స్కూలు, నర్సింగ్ హోం, సర్పంచ్. రెండింటికీ ఒకటే ఫోన్ నంబర్. ఈ సంగతి పెద్దలకు తెలియక కాదు. పెయిడ్ న్యూస్ మీద, అంటే డబ్బు తీసుకుని వార్తల్లా వేసే రాతల మీద, 2010లో నివేదిక ఇచ్చిన ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాస్ రెడ్డి గారు ఒకరు. జీతం ఇవ్వకుండా కమీషన్ మీద విలేకరులతో యాడ్లు తెప్పించే పద్ధతి పోవాలని వాళ్లు ఆ రోజే రాశారు. ఆ 71 పేజీల నివేదికను మాత్రం కౌన్సిల్ మొదట పూర్తిగా బయటపెట్టలేదు. పత్రికల వాళ్ల జీతాల మీద మజీఠియా వేజ్ బోర్డు చేసిన సిఫారసులను 2014లో సుప్రీంకోర్టు సమర్థించినప్పుడు కూడా మేం చాలా ఆశపడ్డాం. అవి మన మండలాల దాకా రావడం నేను చూడలేదు. అచ్చయిన వార్తల కటింగులు అతికించి, స్కేలుతో కొలిచి పంపితే ఆ కొలత లెక్కన వచ్చే లైన్ అకౌంట్ డబ్బులు పెట్రోలుకు సరిపోవు. అందుకే యాడ్లు ముట్టుకోకు అని నీకు చెప్పలేను. నీ ఇల్లు నడవాలి.

కానీ వార్త కోసం పోయిన రోజు యాడ్ మాట ఎత్తకు. ఎంత దగ్గరివాడైనా నోట్లు చేతికి తీసుకోకు, పత్రిక పేరు మీద చెక్కే రాయించు. ఎవరి బకాయీ నీ జేబులోంచి కట్టకు. మాతో పనిచేసిన ఒకతను టార్గెట్ పూర్తి చేయడానికి వడ్డీకి తెచ్చి కట్టాడు. ఆ అప్పు తీరేదాకా అతను ఏ వార్తలు రాశాడో, ఏవి రాయలేదో నేను దగ్గరుండి చూశాను.

ఇంకొకటి చెయ్యి. ఒక నోట్‌బుక్ పెట్టుకో. అందులో నువ్వు రాయని వార్తలు రాసుకో. తేదీ, ఊరు, ఎవరు చెప్పారు, ఎందుకు రాయలేదు. ఆ కారణం అబద్ధం లేకుండా రాయాలి, అదే కష్టం. యాడ్ కోసం బండి తీసే ముందు ఒకసారి తిరగేసి చూడు. నువ్వు రాయలేని వార్త వేరే పత్రికలో ఉన్న మిత్రుడికి ఇవ్వు. పేరు నీది కాకపోయినా రైతుకు అది చేరుతుంది. ఆ యాసంగిలో నేను ఈ పనైనా చేయాల్సింది.

మండలం వదిలేసి హైదరాబాద్‌లో డెస్క్ చూసుకుంటానన్నావు. తొందరపడకు. నిజాం కాలంలో, 1922లో, ఒద్దిరాజు సోదరులు 'తెనుగు' పత్రిక నడిపింది హైదరాబాద్ నుంచి కాదు, మన ఇనుగుర్తి నుంచి. ఊళ్లోనే ప్రెస్సు పెట్టుకుని అచ్చు వేశారు. మండలంలో కూర్చుని రాయడం చిన్న పని అనుకోకు.

దసరా దాటాక వానాకాలం వడ్లు కేంద్రాలకు వస్తాయి. ఆ రైతుది నీ మండలమే. కాంటాలు మొదలైన రోజు ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను. ముందు ఆయన ఇంటికి పోదాం. ఆ చీటీ జిరాక్స్ ఇంకా నా దగ్గరే ఉంది.

మీ అన్న