36 నుంచి 47కు పెరిగితే

కర్నూలు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

అంబులెన్స్ కాల్స్ లెక్కలు ఇకమీదట నువ్వే చూస్తావని మీ అమ్మ చెప్పింది. మొదటి వారంలోనే నిన్నో ప్రశ్న అడుగుతారు: "నిన్న 36, ఇవాళ 47. ఎందుకు పెరిగాయి?" తొందరపడి కారణం చెప్పకు. నా ఉద్యోగ కాలంలో ఒక అధికారి, సంఖ్య పెరిగిన ప్రతిసారీ సంజాయిషీ అడిగేవారు. మూడు నెలల్లో సంఖ్యలు బుద్ధిగా సర్దుకున్నాయి. రిజిస్టరు రాసే చేతులు తెలివి నేర్చాయి మరి!

కంట్రోల్ చార్ట్ గీసుకో. అంటే ఏ రోజు సంఖ్యకు ఆ రోజు ఒక చుక్క పెట్టి, సగటుకు ఒక గీత, దానికి పైన ఒక హద్దు గీత, కింద ఒక హద్దు గీత గీయడం. 1924లో అమెరికన్ ఇంజనీరు వాల్టర్ షూహార్ట్ టెలిఫోన్ పరికరాల ఫ్యాక్టరీ కోసం రూపొందించినదే మనకూ పనికొస్తుంది. రోజువారీ సగటు 36 అనుకో. దాని వర్గమూలం 6, అందుకు మూడింతలు 18. పై హద్దు 54, కింది హద్దు 18. ఈ మధ్యలో 47 రావడం వింత కాదు. 58 వస్తే లేచి వెళ్లి ఆరా తియ్యి. 12 వచ్చినా అంతే. ఊరు చల్లగా ఉందని మురిసేముందు ఫోను లైను పనిచేస్తోందో లేదో చూడు. హద్దు దాటకపోయినా వరుసగా ఎనిమిది చుక్కలు సగటుకు ఒకే పక్కన పడితే ఏదో మారిందని అర్థం.

వర్గమూలం లెక్కను గుడ్డిగా నమ్మకు. కాల్స్ సహజంగానే బాగా ఎగుడుదిగుడుగా ఉంటే ఆ హద్దులు మరీ ఇరుకై, ఉత్తుత్తి గంటలు మోగుతాయి. అప్పుడు ఏ రోజుకారోజు ముందురోజుతో ఉన్న తేడాను, పెరిగిందా తగ్గిందా అని చూడకుండా, తీసి, ఆ తేడాల సగటును 2.66తో గుణించి, వచ్చినదాన్ని అసలు సగటుకు కలిపి ఒక హద్దు, తీసేసి ఒక హద్దు పెట్టు. వాహనం చేరడానికి పట్టే నిమిషాలకూ ఇదే పద్ధతి. "15 నిమిషాలనే పై హద్దుగా పెట్టు" అంటారెవరో. అది వాళ్ల లక్ష్యం. హద్దును మాత్రం లెక్కే చెప్పాలి.

ఇక దసరా రాత్రి దేవరగట్టు కర్రల సమరం. ఏటా తలలు పగులుతాయని జిల్లా అంతటికీ తెలుసు. దానికి చార్ట్ హెచ్చరిక దేనికి? ముందే వాహనాలు పంపాలి. ఆ చుక్కను చెరపకు, పక్కన కారణం రాయి, సగటులో మాత్రం కలపకు. కలిపితే హద్దులు వెడల్పై, రేపటి అసలు ప్రమాదం వాటి చాటున దాక్కుంటుంది. 2009 అక్టోబరు వరదలాంటి రోజులకూ ఇదే మాట.

మొదటి నెల కంప్యూటర్ జోలికి పోకుండా గళ్ల కాగితం మీద చేత్తో గీయి. దసరాకు నీకెలాగూ సెలవు దొరకదు. దీపావళికి వచ్చేటప్పుడు ఆ కాగితం తీసుకురా.

మామయ్య