పాత డీజిల్ కారు మైలేజీ: ఇంజన్‌లో ఏం మార్చాలి, ఏం మార్చకూడదు

ప్రశ్న: మాది 2011 స్విఫ్ట్ డీజిల్, 1.3 ఇంజన్. 1.4 లక్షల కిలోమీటర్లు తిరిగింది. హైవేలో 20 ఇచ్చేది, ఇప్పుడు 15 దాటడం లేదు. గట్టిగా తొక్కితే నల్లపొగ వస్తోంది. ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే వాల్వు) మూసేసి, రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్‌లోని డీజిల్ లెక్కలను మార్చడం) చేయిస్తే మైలేజీ పెరుగుతుందని మెకానిక్ అంటున్నాడు. చేయించమంటారా? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఇప్పుడే వద్దు. నల్లపొగ వస్తోందంటే పోసిన డీజిల్‌కు సరిపడా గాలి అందడం లేదని. ఆ లోపం అలాగే ఉంచి రీమ్యాప్ చేయిస్తే ఇంకా ఎక్కువ డీజిల్ పోసినట్టవుతుంది, పొగ పెరుగుతుంది, టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే ఫ్యాన్) వేడెక్కుతుంది.

ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి. తర్వాత టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచే భాగం), అక్కడి నుంచి ఇంజన్‌కు వెళ్లే రబ్బరు గొట్టాలను చేత్తో తడమండి. క్లిప్పుల దగ్గర నూనె తడి కొత్తగా కనిపిస్తే గాలి అక్కడే పోతోందేమో చూడాలి. గొట్టానికి అడుగున పడే చీలిక పైనుంచి కనబడదు, విప్పి వంచి చూడాలి.

ఆ తర్వాత ఈజీఆర్ వాల్వు. మసి, ఇంజన్ నూనె ఆవిరి కలిసి గట్టిపడి వాల్వు తెరుచుకున్న చోటే ఇరుక్కుంటుంది. అప్పుడు స్వచ్ఛమైన గాలి తగ్గి పొగగాలి ఎక్కువగా లోపలికి వెళుతుంది. వాల్వు విప్పించి, బయటపెట్టి కార్బన్ క్లీనర్‌తో కడిగించి, కొత్త గాస్కెట్‌తో బిగించమనండి. ఇన్‌టేక్‌లోకి క్లీనర్ గుమ్మరించనివ్వొద్దు. ద్రవం సిలిండర్‌లో నిలిచి స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. వాల్వును మూసేయడం వేరే సంగతి: గాలి లెక్క తప్పి ఇసియు (ఇంజన్ కంప్యూటర్) చెక్ ఇంజన్ లైటు వెలిగిస్తుంది, పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లనే హానికర వాయువులు పెరుగుతాయి. పైగా అనుమతి లేకుండా బండిని మారిస్తే మోటారు వాహనాల చట్టం 182ఎ ప్రకారం యజమానికి ఒక్కో మార్పుకు ₹5,000 జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

పొగ ఇంకా తగ్గకపోతే ఇంజెక్టర్లకు (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేవి) లీక్-ఆఫ్ పరీక్ష చేయించండి. నాలుగింటి రిటర్న్ పైపులకూ (మిగిలిన డీజిల్ వెనక్కి వెళ్లేవి) నాలుగు చిన్న సీసాలు తగిలించి, ఐడ్లింగ్‌లో రెండు నిమిషాలు ఉంచితే, అరిగిన ఇంజెక్టర్ సీసా మిగతావాటి కంటే ముందే నిండుతుంది. ఇంజెక్టర్ విప్పిన ప్రతిసారీ కింద రాగి వాషర్ కొత్తది వేయాలి. కొత్త ఇంజెక్టర్ మీద కోడ్ ఉంటే స్కానర్‌తో ఇసియులోకి ఎక్కించాలి. ఇంజన్ నడుస్తుండగా హై ప్రెషర్ పైపు మాత్రం ఎవరినీ వదులు చేయనివ్వకండి. వెయ్యి బార్ (మామూలు గాలి ఒత్తిడికి సుమారు వెయ్యి రెట్లు) కూడా దాటగల ఒత్తిడితో డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.

చాలామంది పట్టించుకోనిది థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు వెళ్లనివ్వని వాల్వు. అది తెరుచుకుని ఉండిపోతే హైవేలో కూడా ఇంజన్ వేడి 70 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, చల్లటి ఇంజన్ ఎక్కువ డీజిల్ తాగుతుంది. ఓబీడీ స్కానర్‌లో (ఇసియు అంకెలు చూపే పరికరం) ఆ వేడి 90 దరిదాపుల్లో ఉండాలి. చివరగా జాకీ ఎత్తి నాలుగు చక్రాలూ తిప్పి చూడండి. బ్రేకు పట్టేస్తుంటే ఇంజన్‌లో ఏం చేసినా లాభం లేదు.

ఇవన్నీ సరయ్యాక, ఒకే బంకులో మొదటి ఆటో కట్ వరకు నింపి, 300 కిలోమీటర్లకు పైగా తిప్పి, మళ్లీ అక్కడే నింపి లెక్క కట్టండి. 410 కిలోమీటర్లకు 22 లీటర్లు పడితే 18.6. అప్పుడు రీమ్యాప్ గురించి ఆలోచించవచ్చు, కానీ దాని అసలు లాభం లాగుడులోనే. ఆ బలాన్ని వాడుకుంటే మైలేజీ తగ్గుతుంది.

ప్రశ్న: డీజిల్ పైపుకు బిగించే అయస్కాంతాలు, హైడ్రోజన్ కిట్లు పనిచేస్తాయా? – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: పనిచేయవు. డీజిల్ మండే తీరును అయస్కాంతం మార్చలేదు. హైడ్రోజన్ కిట్ కరెంటుతో నీటి నుంచి హైడ్రోజన్ తీసి ఇంజన్‌కు పంపుతుంది; ఆ కరెంటు ఆల్టర్నేటర్ ఇవ్వాలి, ఆల్టర్నేటర్‌ను ఇంజనే తిప్పాలి. ఖర్చయిన డీజిల్ కంటే తిరిగి వచ్చే శక్తి తక్కువ.

ప్రశ్న: మాది పాత ఇండికా, కంప్యూటర్ లేని ఇంజన్. డీజిల్ పంపు టైమింగ్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే క్షణం) ముందుకు జరిపితే మైలేజీ వస్తుందా? – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: టైమింగ్ వెనకబడి ఉంటేనే. అలా ఉంటే పొద్దున స్టార్టింగ్‌లో తెల్లపొగ వస్తుంది, లాగుడు తగ్గుతుంది. గుర్తు దాటి ముందుకు జరిపితే ఇంజన్ గట్టిగా కొట్టుకుంటుంది, పిస్టన్ మీద భారం పడుతుంది. చెవితో విని కాకుండా, డయల్ గేజ్‌తో కంపెనీ కొలతకు పెట్టించండి. అదే రోజు నాజిళ్లను (డీజిల్ చిమ్మే మొనలు) టెస్టర్ మీద చూపించండి: మంచులా చిమ్మాలి, చుక్క కారకూడదు. పంపు మీద, ఎంత డీజిల్ పోయాలో సరిచేసే స్క్రూను ఎక్కువ చేయనివ్వొద్దు.