స్టెంటు వేశాక తెల్లమద్ది బెరడు తాగవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. ఎనిమిది నెలల క్రితం గుండెపోటు వస్తే స్టెంటు వేశారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌తో పాటు కొలెస్ట్రాల్‌కు, రక్తపోటుకు మాత్రలు వాడుతున్నారు. మా ఇంటిల్లిపాదికీ గురవాయిగూడెం మద్ది ఆంజనేయస్వామి మీద గురి. ఈ మధ్య బంధువు ఒకరు తెల్లమద్ది బెరడు పొడి తెచ్చి, పాలలో మరిగించి తాగితే గుండెజబ్బు పూర్తిగా పోతుందని, ఇక మాత్రలు అక్కర్లేదని చెప్పారు. నాన్నగారు వారం నుంచి పొడి తాగుతున్నారు. మాత్రలు మానేస్తానంటున్నారు. స్వామివారి చెట్టు కదా, కాదనడానికి మాకు నోరు రావడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ఏలూరు జిల్లా

జవాబు: మాత్రలు ఒక్క పూట కూడా ఆపనివ్వకండి అమ్మా. మిగతా సంగతులన్నీ తీరిగ్గా మాట్లాడుకోవచ్చు, ఇది మాత్రం ఆగేది కాదు. స్టెంటు అంటే రక్తనాళంలో పెట్టిన లోహపు జాలీ. దాని మీద నాళం లోపలి పొర పూర్తిగా పరుచుకోవడానికి నెలలు పడుతుంది. అంతవరకు అక్కడ రక్తం గడ్డకట్టకుండా కాపలా కాస్తున్నవి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్. గుండెపోటు వచ్చినవారికి సాధారణంగా ఈ రెండింటినీ కలిపి ఏడాది పాటు ఇస్తాం. ఎనిమిదో నెలలో సొంతంగా మానేస్తే స్టెంటు ఉన్నట్టుండి మూసుకుపోవచ్చు. అలా మూసుకుపోయి వచ్చే గుండెపోటు మొదటిదానికంటే ప్రమాదకరం. దాన్ని ఆపే శక్తి మద్ది బెరడుకు ఉందని ఇంతవరకు ఎవరూ రుజువు చేయలేదు.

ఇక చెట్టు విషయం. దీన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. వాగుల ఒడ్డున, ఏటి గట్లమీద ఏపుగా పెరిగే ఈ అడవి చెట్టు మనకు ఎన్నో విధాల దగ్గరిది. బాలకృష్ణుడు రోలు ఈడ్చుకెళ్లి కూల్చిన జంట చెట్లు మద్దిచెట్లే. వినాయక చవితి నాటి ఇరవైయొక్క పత్రిలో అర్జున పత్రం, అంటే మద్ది ఆకు, ఉంటుంది. మీ గురవాయిగూడెంలో స్వామి వెలసిందే మద్దిచెట్టు కింద. తనను కొలిచిన మునిని చెట్టుగా మార్చి, దాని నీడన స్వామి నిలిచాడని అక్కడి స్థలపురాణం. వైద్యంలోనూ దీనిది పాత పేరే. ప్రాచీన వైద్యుడు వాగ్భటుడి కాలం నుంచి ఆయుర్వేదం దీన్ని గుండెకు మేలు చేసేదిగా చెబుతోంది. ఒక వంతు బెరడుకు ఎనిమిది వంతుల పాలు, ముప్పైరెండు వంతుల నీళ్లు పోసి, పాలు మాత్రమే మిగిలేదాకా మరిగించడం క్షీరపాక పద్ధతి. గ్లాసు పాలలో చెంచాడు పొడి కలిపితే అది కాదు.

ఆధునిక పరీక్షలు ఏం చెప్పాయి? 2002లో వెలువడిన ఒక అధ్యయనంలో, శ్రమపడితే ఛాతీ నొప్పి వచ్చే 58 మంది పురుషులకు బెరడు సారం ఇస్తే నొప్పి తగ్గింది, ట్రెడ్‌మిల్ మీద మరికాసేపు నడవగలిగారు. అయితే అది వారం రోజుల పరీక్ష. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు గుండె బలహీనపడిన 100 మంది మీద చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. పన్నెండు వారాలు వాడినా గుండె రక్తాన్ని పంపు చేసే శక్తి పెరగలేదు. కొందరికి ఆయాసం, నీరసం లాంటి ఇబ్బందులు మాత్రం కొంత తగ్గాయి. ఈ ఎయిమ్స్ అధ్యయనంలో బెరడును మామూలు మందులకు తోడుగానే ఇచ్చారు తప్ప, వాటిని మాన్పించి కాదు. మీ బంధువు చెప్పినదానికీ దీనికీ ఉన్న తేడా నాన్నగారికి నెమ్మదిగా చెప్పండి. ఆ చెట్టు మీద గౌరవంతోనే చెప్పండి, వింటారు.

మాత్రలతో పాటు పొడి కూడా తాగితే? నాన్నగారి విషయంలో ప్రస్తుతానికి వద్దనే నా సలహా. ఆయన ఇప్పటికే రక్తాన్ని పలచన చేసే రెండు మాత్రల మీద ఉన్నారు. బెరడుకు కూడా రక్త ఫలకికలు (ప్లేట్‌లెట్లు) అతుక్కోవడాన్ని తగ్గించే గుణం కొంత కనిపించింది. మూడూ కలిస్తే చిగుళ్ల నుంచి, కడుపులో రక్తస్రావం కావచ్చు. రక్తపోటు ఇంకా పడిపోయి లేవగానే కళ్లు తిరగవచ్చు. కాలేయంలో కొన్ని మందులను విరిచే ఎంజైములను ఈ సారం అడ్డుకుంటుందని ప్రయోగశాలలో తేలింది. అందుకే రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మాత్ర వాడేవారు దీని జోలికి అసలు వెళ్లకూడదు.

మరో చిక్కు కూడా ఉంది, ఆ పొడి ఏ మద్దిదో తెలియకపోవడం. తెల్లమద్ది బెరడు పైన నున్నగా, బూడిదరంగు తెలుపులో ఉండి పొరలుగా ఊడుతుంది. లోపల గులాబీ ఎరుపు. నల్లమద్ది బెరడు మొసలి వీపులా పగుళ్లతో నల్లగా ఉంటుంది. చెక్కగా చేతిలో ఉన్నప్పుడు చూసి గుర్తుపట్టవచ్చు. దంచి పొడి చేశాక నాకే కాదు, అడవిలో పుట్టి పెరిగినవారికీ కష్టమే. సంచిలో పోసి అమ్మే పొడిలో ఏముందో, ఎంత ఉందో చెప్పేవారు ఉండరు. ఏడాది గడిచి, మీ గుండె వైద్యుడు సరేనంటే, అర్హతగల ఆయుర్వేద వైద్యుల దగ్గర అప్పుడు అడగండి. ఆ ఇద్దరు వైద్యుల్లో ఒకరు రాసిన మందులు మరొకరికి చూపించాలి.

గుడికి నిశ్చింతగా తీసుకెళ్లండి. ప్రదక్షిణలు 108 మొక్కుకుని ఉంటే ఒకే రోజు పూర్తిచేయాలని పట్టుబట్టవద్దు. ఎండ ఎక్కకముందు నెమ్మదిగా కొన్ని చేసి, మధ్యలో కూర్చోవాలి. ఉపవాసమైనా మాత్రలు తప్పకూడదు, వాటి కోసం కాస్త పాలో పండో తీసుకోవాలి. నాలుక కింద పెట్టుకునే మాత్ర రాసి ఉంటే అది జేబులోనే ఉండాలి.

ఈ వారంలోనే పొడి పొట్లంతో సహా మీ గుండె వైద్యుడి దగ్గరికి వెళ్లండి. కూర్చున్నప్పుడు, నిలబడ్డాక రక్తపోటు చూడమనండి. మలం నల్లగా వస్తే, చిగుళ్ల నుంచి రక్తం కారితే ఆ రోజే చూపించండి. ఇప్పటికే ఒకటి రెండు పూటలు మాత్రలు మానేసి ఉంటే ఆ సంగతి దాచకుండా ఇవాళే ఫోను చేసి చెప్పండి. ఛాతీలో బిగపట్టినట్లు నొప్పి, చెమటలు, ఎడమ చేయి లేదా దవడ లాగడం ఉంటే ఎవరి సలహా కోసమూ ఆగకుండా 108కి ఫోను చేయండి.