దసరా సెలవుల్లో పిల్లలు చెప్పే మాటలు

చదువుల సలహాలిచ్చేవాళ్లకు ఏడాదిలో ఏ కాలం ఎక్కువ ఇష్టం, వానలు వెనక్కి తగ్గి చలి ఇంకా రాని ఈ రోజుల్లో మీరు దేనికోసం ఎదురుచూస్తారు అని అడిగారు. హనుమకొండలో పంతొమ్మిదేళ్లుగా నాది ఇదే పని. పెత్రమాస, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్య నుంచి కార్తీక పున్నమి దాకా ఉన్న రోజులే నాకు ప్రాణం.

జూన్‌లో మా ఆఫీసు నిండా జనమే. కానీ అప్పుడు మాట్లాడేదంతా నాన్నలు, మేనమామలు. పక్కింటి అబ్బాయికి వచ్చిన ర్యాంకు గురించి అరగంట నడుస్తుంది. ఇంటర్‌లో చేరాల్సిన పిల్లో పిల్లాడో కుర్చీ అంచున కూర్చుని నేల చూస్తుంటారు. ఏ గ్రూపు ఇష్టం అని అడిగితే నాన్న మొహం చూస్తారు. వాళ్లకూ ఇంకా తెలియదు పాపం. లెక్కల్లో వెక్టర్స్ ఎలా ఉంటాయో, హాస్టల్ అన్నం ఎలా ఉంటుందో, పొద్దున్నే మొదలై రాత్రిదాకా సాగే స్టడీ అవర్లు ఎలా ఉంటాయో చూడని పిల్లలు ఏం చెప్తారు?

దసరాకి ఇంటికొచ్చేసరికి అవన్నీ చూసి ఉంటారు. అప్పుడు నోరు విప్పుతారు. బడులకు 12, 13 రోజులు సెలవులిస్తే జూనియర్ కాలేజీలకు దొరికేది వారం, మహా అయితే ఎనిమిది రోజులు. ఆ వారం నాకు ఏడాదంతటిలోకీ విలువైనది.

నాలుగేళ్ల క్రితం ఒక నాన్న కూతురిని తీసుకొచ్చాడు. "సార్, పాప ఎంపీసీ వద్దంటోంది. రోజూ ఏడుపే. బైపీసీలోకి మార్పించండి" అన్నాడు. ఆ అమ్మాయి తలెత్తలేదు. మార్కుల కాగితం చూపించబోతే వద్దన్నాను. "బిడ్డా, నీ లెక్కల రన్నింగ్ నోట్సు ఉందా?" అని అడిగాను. సాయంత్రం తెచ్చింది. మాట్రిసెస్ దాకా ముత్యాల్లాంటి అక్షరాలు, పక్కన తేదీలు. ఆగస్టు మొదటి వారంలో పది రోజులు ఖాళీ. ఆ తర్వాత ప్రతి లెక్కా సగంలో ఆగిపోయింది. అడిగితే తెలిసింది: జ్వరం వచ్చి ఇంటికి వచ్చిందట. తిరిగి వెళ్లేసరికి క్లాసు వెక్టర్స్‌లో సగం దాటేసింది. ఎనభై మంది ఉన్న సెక్షన్‌లో ఒకసారి లేచి డౌట్ అడిగితే, మెటీరియల్ చూసుకో అన్నారట. మళ్లీ అడగలేదు. అక్కణ్నుంచి ప్రతి వీకెండ్ పరీక్షా ఒక భయమే.

ఆ అమ్మాయికి గ్రూపుతో ఇబ్బందేమీ లేదు. పోయినవి పది రోజులు. మా వీధిలో రిటైరైన లెక్కల లెక్చరర్ ఒకాయన ఉన్నారు, ఆయన్ని బతిమాలాను. పొద్దున రెండు గంటలు వెక్టర్స్, సాయంత్రం బతుకమ్మ. ఐదో రోజున తనే ఒక లెక్క చేసి చూపిస్తానంది. ఇప్పుడు ఇంజనీరింగ్‌లో ఉంది.

అప్పటి నుంచి నేను అందరికీ ఒకటే చెప్తున్నాను. ఇంటికొచ్చిన పిల్లల్ని మొదటి రెండు రోజులు నిద్రపోనివ్వండి. మార్కులు అడక్కండి. మూడో రోజు నోటుబుక్కులు తెరిచి, ఏ తేదీ దగ్గర అక్షరం మారిందో చూడండి. ఆ తేదీ పట్టుకుని మెల్లగా అడిగితే అసలు కథ బయటికొస్తుంది.

అన్నిసార్లూ పది రోజుల పాఠాలతో సరిపోదు. నిజంగానే దారి మారాల్సిన పిల్లలుంటారు, వాళ్లకూ ఇది సరైన సమయమే. ఏ గ్రూపు చదివినా లా కోర్సుల ఎంట్రన్స్ క్లాట్ రాయొచ్చు. శామీర్‌పేటలోని నల్సార్ లా యూనివర్సిటీలో సీటు దాంతోనే. ఈ మధ్య ఆ పరీక్ష డిసెంబర్‌లోనే పెడుతున్నారు కాబట్టి రెండో ఏడాది పిల్లలు సంక్రాంతికి చూద్దాం అనుకుంటే అయిపోతుంది. అమెరికా వెళ్లాలనుకునే బీటెక్ పిల్లలకూ ఇవే రోజులు. వచ్చే ఆగస్టులో మొదలయ్యే ఫాల్ చదువుకి చాలా యూనివర్సిటీల గడువులు డిసెంబర్ 15, జనవరి 15 చుట్టూ ఉంటాయి. అక్కడి పీజీ సీట్ల కోసం రాసే జీఆర్ఈ 2023 సెప్టెంబర్ నుంచి 1 గంట 58 నిమిషాల పరీక్ష అయింది, అంతకుముందు 3 గంటల 45 నిమిషాలు ఉండేది. ఇప్పుడు ఎక్కువ టైం పట్టేది ఆ చదువు ఎందుకు కావాలో రాసుకునే ఎస్ఓపీకి, రికమెండేషన్ లెటర్లకే. లెక్చరర్లు కూడా పండక్కి ఊళ్లకు వెళ్తారు, లెటర్లు ముందే అడిగి పెట్టుకోండి.

దసరా సెలవుల విలువ నాకు తెలిసింది ఒక పిల్లాడి వల్ల. పని మొదలుపెట్టిన కొత్తలో, సద్దుల బతుకమ్మ నాడు మధ్యాహ్నం ఒక అబ్బాయి ఒంటరిగా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆఫీసుకి తాళం వేస్తున్నాను. "పండగయ్యాక మాట్లాడదాం నాన్నా" అన్నాను. పండగయ్యేసరికి వాడిని మళ్లీ హాస్టల్‌లో దింపేశారు. జనవరిలో కాలేజీ మానేశాడని తెలిసింది. నేనే వాళ్లింటికి వెళ్లాను. మరుసటి ఏడాది పాలిటెక్నిక్ ఎంట్రన్స్ రాయించాం, మూడేళ్ల డిప్లొమా అయ్యాక, డిప్లొమా వాళ్లకు పెట్టే ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరాడు. బాగానే స్థిరపడ్డాడు. కానీ ఆ మధ్యాహ్నం నేను ఇంకో అరగంట కూర్చుని ఉంటే వాడికి ఆ ఏడాది పోయేది కాదు. ఆ తర్వాత దసరా సెలవుల్లో నేను ఆఫీసు మూసింది లేదు.

పండగ నేను వదులుకుంటున్నానని అనుకోకండి. పొద్దున్నే గునుగు, తంగేడు తెచ్చేవాళ్ల సైకిళ్లు మా ఆఫీసు ముందు నుంచే వెళ్తాయి. రోడ్డు పక్కన సీతాఫలాల గంపలు పెడతారు. కొంచెం మెత్తబడ్డవి చూసి కొని టేబుల్ మీద పెడతాను. చేతిలో పండు ఉంటే పిల్లలు గింజలు ఏరుకుంటూ నా కళ్లలోకి చూడకుండానే ఎంత కష్టమైన మాటైనా చెప్పేస్తారు. సాయంత్రం పద్మాక్షి గుట్ట దగ్గర పాటలు మొదలయ్యాక మా ఆవిడ ఫోన్ చేస్తుంది, సత్తుపిండి ఉంది రమ్మని.

అన్నిటికంటే నాకిష్టమైనది దసరా సాయంత్రం. జమ్మి చెట్టు దగ్గర్నుంచి పిల్లలు వరసగా వచ్చి "బంగారం సార్" అంటూ నా చేతిలో ఆకులు పెట్టి కాళ్లకు మొక్కుతారు. ఆ డిప్లొమా అబ్బాయికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. పోయినేడు పెద్ద పాపని ఎత్తుకొచ్చి, తన చేత్తోనే నాకు జమ్మి ఆకు ఇప్పించాడు. ఆ ఆకుల్ని డైరీలో పెట్టుకున్నాను. మొన్న పెత్రమాస నాడు తెరిచి చూస్తే ఎండిపోయి ఉన్నాయి కానీ ఒక్కటీ విరగలేదు.